సంగటి ముద్దకు సంఘం లెక్క

అనంతపురం నేలమీద తిండిని లెక్కపెట్టడం కొత్త కాదు. తగ్గడం కోసం లెక్కపెట్టడమే కొత్త. 1876–78 నాటి ధాత కరువులో, ఈ సీమ ఇంకా బళ్ళారి జిల్లాలో భాగంగా ఉన్నప్పుడు, కరువు పనికి వచ్చిన కూలికి రోజుకు ఎంత గింజ కొలిస్తే ప్రాణం నిలుస్తుందన్నది మద్రాసు ప్రభుత్వంలో పెద్ద తగాదా. కలకత్తా నుంచి వచ్చిన రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో దాన్ని ఒక పౌనుకు, అంటే సుమారు 450 గ్రాములకు కుదించాడు. రాళ్ళు మోసే ఒంటికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి మళ్ళీ పెంచక తప్పలేదు. అనంతపురం ప్రత్యేక జిల్లా అయింది 1882లో. ఆ తర్వాత 1950ల తొలినాళ్ళ కరువులో గంజి కేంద్రాలు నడిచాయి, 1975 తర్వాత అంగన్‌వాడీలో పసిపిల్లల తూకం పుస్తకాలు వచ్చాయి. వందేళ్ళపాటు ఇక్కడ లెక్క రాసినవాళ్ళందరిదీ ఒకటే భయం: తిండి చాలదేమోనని.

ఆ భయం ఇంకా తీరలేదు, దాని పక్కనే మరొకటి వచ్చి కూర్చుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో 36.3 శాతం మంది అధిక బరువులో ఉన్నారు. మగవాళ్ళలో 31.1 శాతం. అదే సర్వేలో 14.8 శాతం ఆడవాళ్ళు ఉండాల్సిన దానికంటే బక్కగా ఉన్నారు, 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ అంకెలను విడివిడిగా చదివితే రెండు వేర్వేరు ఊళ్ళు కళ్ళముందుకొస్తాయి. కలిపి చదివితే ఒకే ఇల్లు కనిపిస్తుంది. అత్తకు నడుము చుట్టూ కొవ్వు, కోడలికి కళ్ళకింద తెలుపు, కొన్నిసార్లు రెండూ ఒకే మనిషికి. బరువు తగ్గించుకోవడం గురించి అనంతపురంలో మాట్లాడేవాళ్ళు ముందు ఈ ఇంటిని చూడాలి. పట్నపు పత్రికల్లో వచ్చే సలహాలు దీన్ని చూసి రాసినవి కావు.

ఈ వ్యాసం రెండు ప్రశ్నలను సమీక్షిస్తుంది. తిన్నది రాసుకుంటే బరువు తగ్గుతుందా? నలుగురు తోడుంటే తగ్గిన బరువు నిలుస్తుందా? ప్రపంచంలో, మన దేశంలో, తెలుగునాట ఈ రెంటిమీద ఇప్పటికే చాలా అనుభవం పోగుపడింది. అందులో ఈ మెట్టసీమకు పనికొచ్చేదేదో ఏరాలి.

ముందు, ఇక్కడి ఒళ్ళు ఎందుకు మారిందో చెప్పుకోవాలి. సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది. కొర్ర, సజ్జ, జొన్న, రాగి, అరికె పండిన ఎర్రచేలను గత శతాబ్దం రెండో సగంలో చెనక్కాయ ఆక్రమించింది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం తెచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, దాన్ని చిన్నబుచ్చడం తప్పు. కానీ పొలంలో చిరుధాన్యం పోయి, పళ్ళెంలోకి తెల్లన్నం రావడం ఒకే తరంలో జరిగిపోయింది. చెనక్కాయలు మిల్లుకు వెళ్ళాయి, చౌకదుకాణం నుంచి పామాయిల్ ప్యాకెట్టు ఇంటికొచ్చింది. నూనెగింజ పండించే జిల్లా నూనె కొనుక్కుని వండుకోవడం మొదలుపెట్టింది. ఇటు నాగలి పోయి ట్రాక్టరు, బావి మోట పోయి బోరు మోటారు, నడక పోయి ఆటో. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళకు కంపెనీ బస్సు, షిఫ్టు వేళల తిండి అలవాటయ్యాయి. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైంది కూడా ఇక్కడే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ఎండలో మట్టి తవ్వే ఆడవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళకు తిండి తగ్గించమని చెప్పడం అన్యాయం. కాబట్టి ‘అనంతపురం లావెక్కింది’ అని ఒక్క మాటలో తేల్చడానికి లేదు. ఏ ఇల్లు, ఆ ఇంట్లో ఏ మనిషి, ఏ పని అన్నది ప్రతిసారీ అడగాలి.

ఇక రాసుకోవడం సంగతి. తిండిని కేలరీల్లో లెక్కపెట్టుకోమని మామూలు జనానికి చెప్పి లక్షల మందిని చదివించిన తొలి పుస్తకం 1918లో అమెరికాలో డాక్టర్ లులు హంట్ పీటర్స్ రాసింది. యుద్ధకాలంలో ఆమె ఆడవాళ్ళను గుంపులుగా కూర్చోబెట్టి తూకం చూసేది కూడా. అంటే లెక్క, గుంపు అన్న రెండు ఆలోచనలూ పుట్టుకతోనే జోడీ. తొంభై ఏళ్ళ తర్వాత, 2008లో, అమెరికాలోనే కైజర్ పర్మనెంటే పరిశోధకులు సుమారు 1,700 మందిపై చేసిన అధ్యయనం వచ్చింది. రోజూ తిన్నది రాసినవాళ్ళు, అసలు రాయనివాళ్ళకంటే రెట్టింపు బరువు తగ్గారని తేలింది. ఆ తర్వాత వచ్చిన సమీక్షలు ఎక్కువగా ఇదే దిక్కుకు చూపిస్తున్నాయి, అయితే ఒక హెచ్చరికతో: రాయడం వల్ల తగ్గారా, తగ్గే పట్టుదల ఉన్నవాళ్ళే రాశారా అన్నది పూర్తిగా విడదీయలేం. నా ఉద్దేశంలో రెండూ నిజమే. పట్టుదలకు రాత ఒక రూపమిస్తుంది, రూపం దొరికిన పట్టుదల ఇంకొన్నాళ్ళు నిలుస్తుంది.

రాసిన లెక్క నిజమేనా? 1992లో న్యూయార్క్ పరిశోధకులు, ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదని చెప్పే కొందరిని తీసుకుని, వాళ్ళ ఒంట్లో నిజంగా ఖర్చవుతున్న శక్తిని కొలిచారు. వాళ్ళు తాము తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా చెప్పారు, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పారు. వాళ్ళు అబద్ధాలకోరులు కారు. మనిషి తనకు తెలియకుండానే మరిచిపోయే తిండి అంత ఉంటుంది.

మన ఇళ్ళలో ఆ మరిచిపోయే తిండికి ఒక పేరుంది, మిగిలింది. పిల్లలు తిని లేచాక పళ్ళెంలో మిగిలిన అన్నం, గిన్నె అడుగున ఉన్న పప్పు, పారేస్తే పాపమని నోట్లో వేసుకున్న దోస ముక్క. కరువు చూసిన నేలలో మెతుకు పారేయడం పెద్ద తప్పు, ఆ తప్పు జరక్కుండా చూసే బరువు తల్లిది. ఆమెను అడిగితే ‘పొద్దున ఒక ముద్ద, రాత్రి ఒక ముద్ద’ అంటుంది. నిజమే చెబుతుంది, ఎందుకంటే గిన్నెలు కడిగే ముందు తిన్నది ఆమె దృష్టిలో తినడం కానే కాదు. దాంతోపాటు టీ. పొలంగట్టున, పక్కింట్లో, అంగడి దగ్గర, ఐదు చిన్న గ్లాసులు సునాయాసంగా దాటుతాయి. గ్లాసుకు రెండు చెంచాల చక్కెర వేసుకుంటే 40, 50 గ్రాములు అక్కడే అయిపోయింది. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు రోజంతటికీ అంతకంటే బాగా తక్కువే ఉండాలన్నాయి. టీ లెక్క రాయని పుస్తకం ఎంత శ్రద్ధగా రాసినా దండగే.

ఆ సంస్థ గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాదుకు వచ్చింది. 1972 నుంచి నాలుగు దశాబ్దాలు దాని పోషకాహార పర్యవేక్షణ విభాగం వాళ్ళు కొలత గిన్నెలు పట్టుకుని ఊరూరా తిరిగారు. నిన్న ఏం వండారు, ఎవరు ఎంత తిన్నారు అని ఇల్లాలిని అడిగి, ఆమె చూపించిన గిన్నెను బట్టి లెక్కకట్టేవారు. కొన్ని ఇళ్ళలో పొయ్యిమీదకు ఎక్కకముందే పచ్చి సరుకును తూచేవారు. ఈ రోజు ఫోన్‌లో తిండి లెక్క రాసే పనికి పెద్దన్న ఆ గిన్నెల సంచి. తేడా ఏమిటంటే, ఆ లెక్క ఇంటిది. ఫోన్ లెక్క ఒంటరి మనిషిది.

ఈ తేడా అనంతపురంలో చాలా పెద్దది. సంగటి ఎలా వండుతారో గుర్తు చేసుకోండి. ఎసట్లో గుప్పెడు బియ్యమో నూకలో వేసి మెత్తగా ఉడకనిస్తారు. దానిమీద రాగిపిండి కుప్పగా పోసి, తెడ్డుతో నడిమధ్యన గుంత చేసి, మూతపెట్టి మగ్గనిస్తారు. దించి, కుండను కాళ్ళమధ్య పట్టుకుని, కట్టెతో ఉండలు లేకుండా గెలుకుతారు. తడి చేసిన పళ్ళెంలో పోసి, చేతికి నీళ్ళద్దుకుంటూ ముద్దలు చేస్తారు. ఆ ముద్ద బరువులో సగానికి పైగా నీళ్ళే. అత్త చేసిన ముద్ద వేరు, కోడలు చేసిన ముద్ద వేరు, చేనుకు పోయేవాడికి కట్టిన ముద్ద మరీ వేరు. ఫోన్‌లో ‘రాగి ముద్ద, ఒకటి’ అని నొక్కితే వచ్చే అంకెకు ఈ ఇంటికీ సంబంధమే లేదు. కానీ కుండలో ఎన్ని గ్లాసుల పిండి పడిందో వండిన మనిషికి ఖచ్చితంగా తెలుసు. ఎన్ని ముద్దలయ్యాయో తెలుసు. గ్లాసును ఒక్కసారి అంగట్లో తూయిస్తే చాలు, ఇక ఏడాదంతా భాగాహారమే.

నూనె లెక్క ఇంకా సులువు. నలుగురున్న ఇంట్లో నెలకు 4 లీటర్లు అయితే తలకు రోజుకు 33 మిల్లీలీటర్లు, అంటే సుమారు 30 గ్రాములు, 270 కేలరీలు. పోషకాహార సంస్థ 2,000 కేలరీల పళ్ళేనికి చెప్పిన కొలత 27 గ్రాములు. ఫరవాలేదు, దగ్గర్లోనే ఉన్నాం. పండగ నెలలో ఓళిగలు, బజ్జీలు, చుట్టాల రాకపోకలు కలిసి 6 లీటర్లయితే తలకు 46 గ్రాములు, 400 కేలరీలు దాటింది. ప్రతి బజ్జీనీ రాసుకోనక్కర్లేదు, నూనె డబ్బా తెరిచిన తేదీ గోడమీద రాస్తే చాలు. ఇంట్లో ఎవరినీ దోషిగా నిలబెట్టని లెక్క ఇది, అందుకే నిలబడుతుంది. చెనక్కాయలకూ ఇదే దారి. గుప్పెడు గింజలు, 30 గ్రాములు, 160 కేలరీలకు అటూఇటూ. పోషకాహార సంస్థ పళ్ళెంలో గింజలకు 35 గ్రాముల చోటుంది. అంటే చెనక్కాయల ఊరిబిండి మానాల్సిన పనిలేదు. ఊరిబిండి ఉన్న రోజు కూరలో నూనె తగ్గిస్తే సరి.

చిరుధాన్యాల మీద ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఆశ లెక్కను మించిపోయింది. 100 గ్రాముల పచ్చి రాగిలో 320 కేలరీల చిల్లర ఉంటే, అంతే బియ్యంలో 350 చిల్లర. తేడా పది శాతం. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు 2021లో ప్రచురించిన సమీక్షలో మధుమేహం ఉన్నవాళ్ళు చిరుధాన్యాలు తింటే పరగడుపు చక్కెర 12 శాతం దాకా తగ్గిందని తేలింది. అది మంచి ఫలితం. పీచు, సున్నం, ఇనుము కోసం రాగి, కొర్ర మళ్ళీ పొయ్యెక్కాలని నేనూ మనసారా కోరుకుంటున్నాను. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్, దాని ధరణి రైతు సహకార సంఘం వాటిని ఈ ఎర్రనేలల్లో మళ్ళీ పండించడం ఈ సీమకు జరిగిన మేలు. కానీ బియ్యం ముద్ద స్థానంలో అంతే పెద్ద రాగి ముద్ద పెట్టుకుని బరువు తగ్గాలంటే కుదరదు. ముద్ద చిన్నదవ్వాలి, పక్కన ఆకుకూర పప్పు పెరగాలి. గింజ మారిస్తే ముద్ద పరిమాణం గురించి మాట్లాడక్కర్లేదని చెప్పేవాళ్ళను నమ్మకండి.

తోడు సంగతికి వద్దాం. 1961లో న్యూయార్క్‌లో జీన్ నిడెచ్ అనే గృహిణి తాను దొంగచాటుగా బిస్కెట్లు తింటున్నానని చెప్పుకోవడానికి కొందరు స్నేహితురాళ్ళను ఇంటికి పిలిచింది. రెండేళ్ళకు అది వెయిట్ వాచర్స్ అనే సంస్థ అయింది. వారం వారం కూడటం, తూకం, మాట. దాన్ని 423 మందిపై రెండేళ్ళు పరీక్షించి 2003లో ఫలితం ప్రకటించారు. గుంపులో ఉన్నవాళ్ళు రెండేళ్ళ చివర సగటున 2.9 కిలోలు తగ్గి ఉన్నారు, సొంతంగా ప్రయత్నించినవాళ్ళు 0.2 కిలోలు. గోడమీద పోస్టర్లు ‘నెలకు పది కిలోలు’ అని అరిచే కాలంలో ఈ 2.9ని గౌరవించడం నేర్చుకోవాలి. రెండేళ్ళ తర్వాత కూడా మిగిలిన తగ్గుదల అది. 1999లో వింగ్, జెఫ్రీ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకొకటి చూశారు. ఒంటరిగా చేరి మామూలు శిక్షణ పొందినవాళ్ళలో 24 శాతం మంది తగ్గిన బరువును నిలుపుకుంటే, ముగ్గురు స్నేహితులతో కలిసి చేరి తోడుగా ఉండే శిక్షణ కూడా పొందినవాళ్ళలో 66 శాతం నిలుపుకున్నారు. కొత్తగా పరిచయమైన గుంపుకన్నా, ముందే ఉన్న స్నేహం బలమైనదని దీన్నుంచి నేను గ్రహించాను.

యంత్రాలు ఆ స్థానాన్ని తీసుకోగలవా? 2016లో వచ్చిన అమెరికా అధ్యయనంలో, శరీర కదలికను కొలిచే పట్టీ కట్టుకున్న యువత రెండేళ్ళకు 3.5 కిలోలు తగ్గితే, పట్టీ లేకుండా తామే రాసుకున్నవాళ్ళు 5.9 కిలోలు తగ్గారు. దీన్ని బట్టి ఫోన్లు పనికిరావని కాదు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం 537 మంది మగవాళ్ళను తీసుకుని, వాళ్ళలో సగం మందికి ఫోన్ సందేశాలు పంపింది. 2013లో ప్రకటించిన ఆ ఫలితాల్లో, రెండేళ్ళలో మధుమేహం వచ్చినవాళ్ళు సందేశాలు అందినవారిలో 18 శాతం, అందనివారిలో 27 శాతం. చిన్న మాట, క్రమం తప్పకుండా వచ్చే మాట పనిచేస్తుంది. ఇంకో విషయం చెప్పి తీరాలి. తిండి లెక్కల యాప్‌లలో మన దేశంలో బాగా పేరున్న హెల్దీఫైమీని 2012లో బెంగళూరులో మొదలుపెట్టినవాళ్ళలో తుషార్ వశిష్ఠ్ ఒకరు. అంతకు ఏడాది ముందు ఆయన, స్నేహితుడు మాథ్యూ చెరియన్ కలిసి పేదరికపు రేఖ రోజుకు 32 రూపాయలన్న ప్రభుత్వపు లెక్కమీద బతికి చూశారు. లావు తగ్గించే పరికరం వెనక ఆకలిని కొలిచిన అనుభవం ఉంది. ఈ సీమవాళ్ళకు అది బాగా అర్థమవుతుంది.

మన దేశపు రెండు ప్రయోగాలు ఇక్కడ తప్పనిసరిగా చదవాలి. రామచంద్రన్ బృందమే 2006లో ప్రచురించిన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనంలో, మధుమేహపు అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళు చూశారు. తిండి, నడక మార్చుకున్నవాళ్ళకు జబ్బు వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. ఆశ్చర్యం ఏమిటంటే వాళ్ళ బరువు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అంతకు నాలుగేళ్ళ ముందు ఫలితం ఇచ్చిన అమెరికా అధ్యయనంలో ముప్పు 58 శాతం తగ్గింది, అక్కడ బరువూ తగ్గింది. మన ఒంటి తీరు వేరు. తక్కువ బరువులోనే పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది, అందుకే మన వైద్యులు ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 90 సెంటీమీటర్ల నడుమును హద్దుగా పెట్టారు. తూకం ముల్లు కదలలేదని పుస్తకం మూసేసే మనిషికి ఈ సంగతి ఎవరైనా చెప్పాలి. దర్జీ టేపు తూకం యంత్రం కన్నా చవక, ప్రతి ఊళ్ళోనూ ఉంది.

రెండోది కేరళది. తిరువనంతపురం జిల్లాలో వెయ్యిమందికి పైగా జనంలో సగం మందిని, పొరుగువాళ్ళే నాయకులుగా ఉన్న చిన్న గుంపుల్లో కూర్చోబెట్టి, అందరినీ రెండేళ్ళు గమనించారు. 2018లో ఫలితం వచ్చింది. గుంపుల్లో లేనివాళ్ళలో 17.1 శాతం మందికి, ఉన్నవాళ్ళలో 14.9 శాతం మందికి మధుమేహం వచ్చింది, కానీ గణాంక పరీక్షలో అది నిలబడే తేడా కాదు. పళ్ళు, కూరగాయలు తినడం పెరిగింది, మద్యం తగ్గింది, మనుషులు మెరుగ్గా ఉన్నామన్నారు. సంఘాల మీద నాకున్నంత నమ్మకం ఉన్నవాళ్ళు ఈ ఫలితాన్ని దాటవేయకూడదు. నలుగురు కూర్చున్నంత మాత్రాన ఒంట్లో జబ్బు ఆగదు. కూర్చుని ఏం చేశారన్నది ముఖ్యం.

తెలుగునాట గుంపు మరో రూపం తీసుకుంది, సభ. మంతెన సత్యనారాయణరాజు ఉప్పు నూనె లేని వంటను టీవీలో ఏళ్ళ తరబడి చెప్పి ఇళ్ళలోకి తీసుకెళ్ళారు. 2017–18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ విధానం ఊళ్ళను ఊపేసింది. అన్నం మానేసి కొబ్బరినూనె, నిమ్మకాయలు, నీళ్ళు, విటమిన్ మాత్రలతో నడిచే పద్ధతి అది. కిక్కిరిసిన సభలు, వాట్సాప్ గుంపులు, తగ్గినవాళ్ళ సాక్ష్యాలు, మరోపక్క వైద్యుల బహిరంగ అభ్యంతరాలు. మన ప్రొద్దుటూరు నుంచి వెళ్ళి మైసూరులో స్థిరపడ్డ ఖాదర్ వలీ ఐదు సిరిధాన్యాలను ప్రచారం చేసి 2023లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ ముగ్గురూ చెప్పేవి ఒకదానికొకటి పొసగవు. ఒకరు నూనె వద్దంటే ఒకరు నూనే మందన్నారు. అయినా ముగ్గురి వెనకా వేలమంది నడిచారు, చాలామంది తగ్గారు కూడా. తిండి సూత్రాలు వేరైనా ఫలితం వచ్చిందంటే, పనిచేసిన వాటిలో ఉమ్మడి భాగాన్ని వెతకాలి. నాకు కనిపించేవి ఇవి: అల్పాహారాలు, టీ చక్కెర ఒక్కసారిగా ఆగిపోయాయి. ఏం తింటున్నామో ప్రతి పూటా ధ్యాస కలిగింది. అడిగేవాళ్ళు, చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. ఊపు ఉన్నన్నాళ్ళు అవి నిలిచాయి. సభకు వచ్చేది మాట వినడానికి. అక్కడ మన పుస్తకాన్ని పేరుపెట్టి అడిగేవాళ్ళు ఉండరు. ఆ ఊపు ఆగాక ఆరో నెలలో మళ్ళీ అన్నం దగ్గరకు వచ్చిన మనిషి ఎవరికి చెప్పుకోవాలి? అక్కడే సభ ఓడిపోతుంది.

ఈ జిల్లాలో సభకన్నా పాతుకుపోయినది మరొకటుంది, పొదుపు సంఘం. డ్వాక్రా రోజుల నుంచి పదిమందో పదిహేనుమందో ఆడవాళ్ళు ఒకరి అరుగుమీద కూర్చుని డబ్బు లెక్క రాసుకుంటున్నారు. సంఘాలకు నేర్పే పంచసూత్రాలు అందరికీ కంఠతా వచ్చు: క్రమం తప్పని సమావేశం, పొదుపు, లోపలి అప్పు, వాయిదా చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. డబ్బు మాట పక్కనపెట్టి చూడండి. క్రమం తప్పని సమావేశం, అందరి ముందు చదివే పుస్తకం, ఒకరి బాకీకి అందరూ జవాబుదారీ కావడం, సరిగ్గా బరువు నిలబెట్టుకోవడానికి పరిశోధకులు దశాబ్దాలుగా వెతుకుతున్నవే. పైగా వీళ్ళు వంట చేసేవాళ్ళు. నూనె డబ్బా తెరిచేది, పిండి కొలిచేది, మిగిలింది తినేది వీళ్ళే. సంఘం పుస్తకంలో ఇంటికి నెల నూనె, నెల చక్కెర, మనిషికి నడుము కొలత అని మూడు గడులు గీయడానికి పెద్ద ఖర్చులేదు. తూకం యంత్రం అంగన్‌వాడీలో ఉంది. అదే సంఘంలో బక్కగా ఉన్న కోడలి పేరు పక్కన గుడ్డు, పాలు, ఇనుము మాత్ర కూడా రాయాలి. తగ్గాల్సినవాళ్ళను, పెరగాల్సినవాళ్ళను ఒకే పుస్తకంలో రాసే పద్ధతి ఈ సీమకే ప్రత్యేకంగా కావాలి. ఎందుకంటే ఇంట్లో నూనె తగ్గితే ఆ కోడలికీ తగ్గుతుంది.

ఇదంతా సాఫీగా సాగుతుందని నేను చెప్పను. తోడుండే ఊరే అడ్డం కూడా. ఇక్కడ ఒళ్ళు చేయడం బాగుపడ్డ గుర్తు, తగ్గడం చెడుకు సూచన. నాలుగు కిలోలు తగ్గిన మనిషిని వీధిలో పలకరించేది ఇలా: “ఏం వదినా, ఇట్ల చిక్కిపోయినావు? ఒంట్లో బాగలేదా?” రెండుసార్లు వింటే ఎవరైనా భయపడి మళ్ళీ రెండో ముద్ద పెట్టించుకుంటారు. ఆ ప్రశ్న మూర్ఖత్వం అనుకోకూడదు. క్షయ, చికిత్స అందని చక్కెర మనుషుల్ని కరిగించే ఊళ్ళలో అది ప్రేమతో అడిగే ప్రశ్న. ప్రయత్నించకుండా బరువు తగ్గితే పరీక్ష చేయించుకోవాల్సిందే. ప్రయత్నించి తగ్గుతున్న మనిషికి మాత్రం, ఆమె బాగానే ఉందని వీధికి చెప్పే పదిమంది కావాలి. సంఘం చేసే మొదటి సాయం ఇదే కావచ్చు. ఒకింట్లో పెళ్ళి భోజనంలో “ఇంగొక ఓళిగ ఏస్కో” అని పట్టుబట్టేటప్పుడు పక్కన కూర్చున్న సంఘం మనిషి చెయ్యి అడ్డం పెడితే, ఆ కాదనడం ఇక ఒంటరి మొండితనంగా కనిపించదు.

రాతకూ ఒక చీకటి పక్క ఉంది. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటాలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులు స్వచ్ఛందంగా సగం ఆకలితో ఆరు నెలలు గడిపారు. వాళ్ళ మనసులో తిండి తప్ప ఇంకేమీ మిగల్లేదు, వంట పుస్తకాలు పోగేసుకున్నారు, పళ్ళేలు నాకారు. తిండిని అతిగా కోసుకుంటే లెక్క జబ్బుగా మారుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు ఈ లెక్కలోకి రాకూడదు. ఇన్సులిన్ మీద, చక్కెర మాత్రల మీద ఉన్నవాళ్ళు వైద్యుడితో మాట్లాడకుండా ముద్ద తగ్గించకూడదు, చక్కెర పడిపోతుంది. కాలేజీ ఆడపిల్లల చేతిలో కేలరీల యాప్ ఉంటే ఇంట్లోవాళ్ళు కాస్త కనిపెట్టి ఉండాలి. ఇక బరువు తగ్గించే కొత్త సూది మందులు 2025లో మన దేశపు మార్కెట్లోకి వచ్చాయి. బలమైనవే. కానీ మందు ఆపిన ఏడాదిలో తగ్గిన దాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చినట్టు 2022లో ప్రచురించిన అధ్యయనం చెబుతోంది. ఆపాక పట్టుకునే చెయ్యి అప్పుడూ అవసరమే.

మగవాళ్ళ సంగతి అన్నింటికన్నా ఖాళీగా ఉంది. వాళ్ళకు సంఘం లేదు, వంట తెలియదు, బయట తినేది ఎక్కువ. ఉదయాన్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, సాయంత్రం బొరుగుల పొట్లం, రాత్రి సీసా. బెంగళూరులో కాపలా పనిలో, కట్టడాల్లో ఉన్నవాళ్ళకు ఇంటి కుండ లెక్క వర్తించదు. చెన్నై ఫోన్ సందేశాల పద్ధతి వీళ్ళకే తగినది, అది మగవాళ్ళపైనే పరీక్షించింది కూడా. మన యాసలో, రోజుకు ఒక్క మాట, పంపేది ఊళ్ళో తెలిసిన మనిషైతే మేలు.

ఎవరైనా ఇక్కడ దీన్ని మొదలుపెట్టి ఫలితం కొలవాలనుకుంటే, కొలిచే నెలను జాగ్రత్తగా ఎంచుకోవాలి. ఈ జిల్లాలో ఒంటి బరువు వానతో నడుస్తుంది. చెనక్కాయ ఇంటికొచ్చిన కార్తీకంలో తూచి, పని దొరకని వైశాఖంలో మళ్ళీ తూస్తే ఏ సంఘమైనా గెలిచినట్టే కనిపిస్తుంది. వాన ఎగ్గొట్టిన ఏడాది తగ్గిన కిలోలు విజయం కావు. కార్తీకానికి కార్తీకం, పక్క ఊళ్ళో పుస్తకం లేని సంఘంతో పోల్చి, కనీసం రెండు పంటకాలాలు చూడాలి. అందులో ఒకటి కరువు ఏడాది అయితే, ఎవరి నడుము తగ్గిందో దానితోపాటు ఏ కోడలి పళ్ళెం ఖాళీ అయిందో కూడా ఆ పుస్తకంలోనే తేలుతుంది.